ఆరు మీటర్లు

ఆలిక్ మెల్డ్రమ్ ముప్పైనాలుగేళ్లు ఫార్ఫర్ అనే ఊళ్లో ఉప్పులారీ నడిపాడు. అక్టోబరు చివర్నుంచి ఏప్రిల్ దాకా, ఊరు లేవకముందే రోడ్ల మీద ఉప్పు చల్లి, మంచు గడ్డకట్టకుండా చూడటం అతని ఉద్యోగం. ఏ మలుపులో నీరు ఊరుతుందో, ఏ గోడ నీడలో మధ్యాహ్నం దాకా మంచు కరగదో అతనికి తెలుసు. అతని లెక్క తప్పి ఒక్క కారు కూడా కాలవలోకి జారలేదని ఊళ్లో చెప్పుకునేవారు.

లెక్క ఒక్కసారి తప్పింది. అది రోడ్డు మీద కాదు.

అతని భార్య నెట్టా బడి వంటగదిలో పనిచేసేది. పిల్లలు లేరు. సెలవు దొరికితే ఇద్దరూ కొండలెక్కేవారు. మూడు వేల అడుగులు దాటిన కొండలు ఈ దేశంలో రెండు వందల ఎనభై రెండున్నాయి. వాటికో జాబితా ఉంది. దాన్ని పూర్తిచేయడానికి కొందరికి పదేళ్లు పడుతుంది, కొందరికి జీవితం చాలదు. ఆలిక్‌కూ నెట్టాకూ ఇరవయ్యారేళ్లు పట్టింది. ఒకరు లేకుండా రెండోవారు ఒక్క కొండా ఎక్కలేదు. శిఖరం మీది రాళ్లకుప్ప దగ్గరికి వెళ్లగానే చేతి తొడుగులు తీసి, పై రాయి మీద ఇద్దరూ ఒకేసారి చేతులు పెట్టేవారు. కారులో ఒక నీలం అట్ట పుస్తకం ఉండేది. కొండ పేరు, తేదీ, అంతే. రాసేది నెట్టా.

చివరి కొండ బెన్ టార్వీ. పదహారేళ్ల కిందట, మే నెలలో, పన్నెండు మంది స్నేహితులతో ఎక్కారు. దట్టమైన మబ్బు. మ్యాపూ దిక్సూచీ ఆలిక్ చేతిలో ఉన్నాయి. ఆ గట్టు మీద రెండు శిఖరాలున్నాయనీ, రెండోదే అసలుదనీ అతనికి తెలుసు. దారిలో వచ్చిన ఒక చిన్న దిబ్బను మొదటిదనుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన రాళ్లకుప్ప దగ్గర, "ఇదే," అన్నాడు. అందరూ నడకకర్రలు ఎత్తి పందిరి పట్టారు. నెట్టా దాని కిందుగా నడిచి వెళ్లి, ఆలిక్‌తో కలిసి రాయి మీద చెయ్యి పెట్టి, ఏడ్చింది. విస్కీ సీసా తెరిచారు.

ఆలిక్ ఒంటేలుకి పక్కకు వెళ్లాడు. నేల దిగి మళ్లీ పైకి లేస్తున్నట్టు అనిపించింది. ఇంకాస్త నడిచాడు. నాలుగు వందల అడుగుల తర్వాత మబ్బులోంచి మరో రాళ్లకుప్ప బయటపడింది. దాని మీద చెయ్యి పెట్టాడు. ఎందుకు పెట్టాడో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా తేలలేదు. ఇరవయ్యారేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్లింది. వెనక్కి వచ్చేసరికి పాటలు పాడుతున్నారు. వాళ్లతో వచ్చిన నెట్టా చెల్లెలు చీలమండ మడతపడి కూర్చుని ఉంది. ఇప్పుడు కాదు, కిందికి దిగాక చెబుదాం అనుకున్నాడు. కిందికి దిగాక, రేపు అనుకున్నాడు.

వచ్చే మార్చిలో నెట్టాకు మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత కొండలు మానేయమని డాక్టరు చెప్పేసింది. ఇప్పుడు జనవరి. అంటే ఈ చలికాలం ఒక్కటే మిగిలింది. ఆమెను ఆ రెండో రాయి దాకా తీసుకెళ్లాలి, ఆ సంగతి చెప్పాలి. మూడు రోజులు ఆకాశం తేటగా ఉంటుందని రేడియోలో విన్న రోజే ఆలిక్ కారుకు చలికాలం టైర్లు వేయించాడు.

డాల్‌విన్నీ అనే ఊరు దాటాక ఎదురుగా ఒక ఉప్పులారీ వచ్చింది. ఆలిక్ స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తాడు. లారీవాడూ ఎత్తాడు.

"పలచగా చల్లాడు, కదూ?" అంది నెట్టా.

"మరీ పలచగా."

"నిన్ను లారీలోంచి దింపారు గానీ, నీ బుర్రలోంచి లారీని ఎవరూ దింపలేదు."

కొంతదూరం పోయాక అడిగింది: "ఇన్ని కొండలుండగా, ఎక్కిందే మళ్లీ ఎక్కడమేంటయ్యా? ఆ రోజు అక్కడ నా ముక్కు తప్ప ఏమీ కనపళ్లేదు."

"అందుకే. ఈసారి కనపడుతుంది."

"ఏం కనపడుతుంది?"

అది చెప్పడానికి సరైన చోటు. రోడ్డు తిన్నగా ఉంది, ఎవరూ లేరు. "అన్నీ," అన్నాడు.

లోయ చివర రోడా ఇంట్లో గది తీసుకున్నారు. రోడా, భర్త పోయాక, ఇంట్లో నాలుగు గదులు కొండలెక్కేవాళ్లకు అద్దెకిస్తోంది. నడవాలో కోట్లు తగిలించే చోట పదహారేళ్ల కిందటి ఫొటో ఒకటి ఉంది. కర్రల పందిరి కింద నెట్టా, తడిసిన జుట్టు, చేతిలో సీసా. వెనక అంతా తెలుపు.

"ఇదిగో, మా ఇంటి హీరోయిన్ వచ్చింది," అంది రోడా. "వచ్చినవాళ్లందరికీ చూపిస్తా. మోకాళ్లు నొప్పంటూ మూలిగే కుర్రాళ్లకి మరీనూ."

"నాదిప్పుడు వాళ్లకన్నా పెద్ద మూలుగు," అంది నెట్టా. ఫొటో అద్దం మీది దుమ్ము చొక్కా చేతితో తుడిచింది. ఆలిక్ బూట్లు విప్పుకుంటూ తల ఎత్తలేదు. ఆ తెలుపులో కుడిపక్క ఏముందో ఆ ఇంట్లో తెలిసింది అతనొక్కడికే.

పొద్దున ఓట్స్ జావ తిన్నాక ఎప్పట్లాగే చీటీ రాసి రోడాకిచ్చాడు. ఏ దారిన ఎక్కుతారు, ఏ దారిన దిగుతారు, ఎన్నింటికి వస్తారు.

"నాలుగున్నర," చదివింది రోడా. "నాలుగున్నర దాటితే కొండల్లో తప్పిపోయినవాళ్లని వెతికేవాళ్లకి ఫోన్ చేసేస్తా. వాళ్లొస్తే టీలూ కేకులూ నేనే పెట్టాలి. నా మీద దయుంచి టైముకి రండి."

ఎక్కడానికి నాలుగు గంటలు పట్టింది. మంచు గట్టిగా ఉంది, బూట్లకు కట్టిన ముళ్లపట్టీలు బాగా దిగుతున్నాయి. నెట్టా ఎడమకాలు ముందు వేసి, కుడికాలు దాని పక్కకు లాక్కుంటూ ఎక్కింది. ఆమె సంచిలోవన్నీ ఆలిక్ సంచిలోనే ఉన్నాయి. ఆమె ఆగిన ప్రతిచోటా అతనూ ఆగాడు. ఆగిన ప్రతిసారీ నోరు తెరిచాడు. "నీళ్లు తాగు," అన్నాడు. "పట్టీ బిగించుకో," అన్నాడు.

గట్టు ఎక్కాక గాలి లేదు. చిన్న దిబ్బ దాటారు. పదహారేళ్ల కిందట తనను మోసం చేసిన దిబ్బ ఇంత చిన్నదా అనుకున్నాడు ఆలిక్. అక్కణ్ణుంచి కావాలనే వెనకబడ్డాడు. నెట్టా ముందుగా రాళ్లకుప్ప దగ్గరికి వెళ్లి, తొడుగులు తీసి, చెయ్యి గాల్లో పట్టుకుని నిలబడింది.

"రావయ్యా ముసలోడా! వేళ్లు ఊడిపోతున్నాయి ఇక్కడ."

అతను వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. తొడుగులు తియ్యలేదు. ఆమె అతని చేతుల వైపు చూసింది. తర్వాత అతను చూస్తున్న వైపు చూసింది. గట్టు కాస్త దిగి, మళ్లీ లేచి, ఇంకో రాళ్లకుప్ప దగ్గర ఆగింది.

"అదేంటి?"

"టార్వీ."

"మరి ఇది?"

"ఇదీ టార్వీయే. ఆరు మీటర్లు తక్కువ."

ఆమె చెయ్యి దించింది. కాసేపు కళ్లు చికిలించి దూరాన్ని కొలిచింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

"ఆ రోజంటే? ఇంటికెళ్లి మ్యాపు చూసుకున్నాకా?"

"కాదు. ఇక్కడే. మీరు పాటలు పాడుతున్నప్పుడు."

"ఒంటేలుకి వెళ్తున్నానన్నావు."

"దానికీ వెళ్లా."

ఆమె పెదవి కొస కదిలింది. నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"అక్కడిదాకా వెళ్లావా?"

"వెళ్లా."

"చెయ్యి పెట్టావా?"

పెట్టలేదనవచ్చు. చూసినవాళ్లెవరూ లేరు. "పెట్టా," అన్నాడు.

నెట్టా తొడుగులు వేసుకుంది. ఒక్కో వేలూ సరిచేసుకుంటూ నిదానంగా వేసుకుంది. మంచులో ఊతకు వాడే గొడ్డలి తీసుకుంది. ఆలిక్ సంచి భుజానికెత్తుకున్నాడు.

"నువ్వెక్కడికి?"

"నీతో."

"నీకు అయిపోయింది కదా. కూర్చో."

"నెట్టా, ఆ దిగుడులో మంచు—"

"మంచు నాకూ తెలుసు. కూర్చోమన్నానా."

అతను కూర్చున్నాడు.

ఆమె ఎర్రకోటు దిగుడులో నడుం దాకా మాయమై, మళ్లీ పైకి వచ్చింది. ఎడమకాలు, పక్కకు కుడికాలు. ఇన్నేళ్లలో కొండ మీద ఆమె వీపును ఇంత దూరం నుంచి చూడటం ఇదే మొదలు. ఎప్పుడూ రెండడుగుల ముందో వెనకో ఉండేది. ఫ్లాస్కు తీసి రెండు కప్పుల్లో టీ పోశాడు. తనది తాగాడు. ఆమెది చల్లారితే పారబోసి మళ్లీ పోశాడు.

ఆమె పైకి చేరింది. వంగింది. చెయ్యి పెట్టిందో, కాలు నొప్పెట్టి వంగిందో అక్కణ్ణుంచి తెలియలేదు. తర్వాత ఇటు తిరగలేదు. అటువైపే చూస్తూ నిలబడింది. ఆలిక్ వాచీ చూసుకున్నాడు. రెండో కప్పూ పారబోశాడు. ఒక చెయ్యి ఎత్తి ఊపాడు, ఆమె ఇటు చూడటం లేదని తెలిసి కూడా.

తిరిగొచ్చాక ఆమె టీ అందుకుంది. రెండు గుక్కలు తాగింది.

"అక్కణ్ణుంచి సముద్రం కనపడుతుంది. దీవులన్నీ కనపడుతున్నాయి. చెప్పనే లేదే?"

"ఆ రోజు మబ్బు కదా."

"అవును కదా," అంది. "నీకూ కనపళ్లేదు."

ఆలిక్ అటు చూశాడు. నాలుగు వందల అడుగులు. అతని కాళ్లకు పోనూ రానూ పావుగంట పని. "నేనూ ఓసారి వెళ్లి—"

నెట్టా పడమటి వైపు చూసింది. ఎండ అప్పటికే పసుపు తిరిగింది. "నాలుగున్నర అని రాశావు చీటీలో," అంది. కప్పులో మిగిలింది మంచులో పోసి, దిగే దారి పట్టింది.

నిటారు చోట ఆలిక్ ముందుకెళ్లి భుజం ఇచ్చాడు. ఆమె దాని మీద చెయ్యి వేసింది, గోడ మీద వేసినట్టు. ఆ చోటు దాటగానే తీసేసింది.

కారు దగ్గరికి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. అద్దాల మీద మంచు గీకాడు. లోపల కూర్చున్నాక నెట్టా డాష్‌బోర్డు అరలోంచి నీలం అట్ట పుస్తకం తీసింది. చివరి పేజీ తెరిచింది. రెండు వందల ఎనభై రెండో వరస కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి, ఆ రోజు సంతోషంలో కొట్టినవి. వాటి కింద మళ్లీ బెన్ టార్వీ అని రాసి, ఈ రోజు తేదీ వేసింది. పక్కన తన పేరు రాసింది.

ఆ పుస్తకంలో అంతవరకు పేర్లు లేవు. అవసరం పడలేదు.

పుస్తకం అతని ఒళ్లో పెట్టింది. "పైనున్న పాత తేదీ పక్కన నీ పేరు రాయి."

"నెట్టా..."

"రాయవయ్యా. నిజమేగా."

అతను పెన్ను పట్టుకున్నాడు. గీశాడు. కాగితం మీద గాడి పడింది గానీ సిరా రాలేదు.

"చలికి గడ్డకట్టింది. ఊదు."

ఆలిక్ పెన్ను మొన నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. రెండోసారి ఊదాక సిరా వచ్చింది. తన పేరు రాశాడు, ఇంటిపేరుతో సహా, ఆఫీసు కాగితం మీద రాసినట్టు. ఆమె ఒకసారి చూసి, పుస్తకం మూసి అరలో పెట్టింది.

"పద," అంది. "రోడా ఫోన్ చేసేస్తుంది."