అద్దానికి పెట్టిన బొట్టు

మా మిల్లు మేస్త్రి పోయిన వార్త నాకు మిషన్ గదిలోనే తెలిసింది. ఆయన ఇంకా రాలేదని మిషన్ నేనే వేశాను; ఉదయపు మొదటి లాటు బియ్యం పడుతోంది. బియ్యం ఏరే ఆడవాళ్ళలో పెద్దదైన గంగవ్వ వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు కూడా విప్పకుండా, "సారూ, మిషిని బంద్ చెయ్యిండ్రి. అన్న పోయిండు" అన్నది. కోటగిరిలో తన ఇంటి అరుగు మీద చాయ్ తాగుతూ, పక్కింటాయనతో ఏదో చెప్పి నవ్వుతూ ఒరిగిపోయాడట. నేను మిషన్ ఆపాను. ఆ నిశ్శబ్దంలో నాకు మొదట కలిగినది దుఃఖం కాదు. చావు విషయంలో కూడా ఈయనకు మంచిదే దక్కింది అనుకున్నాను.

స్మృతి రాయడానికి కూర్చొని లేని భావాన్ని రాయలేను. ఆయనను తలచుకుంటే నాకు ముందు అసూయ కలుగుతుంది, కృతజ్ఞత ఆ తర్వాత వస్తుంది. ఈ నాలుగు మాటలూ ఆ వరుసలోనే నడుస్తాయి. పాఠకులు మన్నించాలి.

మాది నిజామాబాదు పట్టణం. అమ్మ, అక్కలు బీడీలు చుడుతుంటే, కత్తిరించిన ఆకు ముక్కల మధ్య కూర్చొని చదువుకున్నాను. పదో తరగతితో ఆగిన చదువును, బోధన్ రోడ్డులోని ఈ బియ్యం మిల్లులో కాటా గుమాస్తాగా పనిచేస్తూ, సాయంకాలపు కళాశాలలో కొనసాగించి బి.కాం. పూర్తి చేశాను. నిద్ర ముంచుకొస్తే తరగతి వెనుక గోడకు ఆనుకొని నిలబడి పాఠం విన్నవాణ్ణి. ఆ పట్టా ఇప్పటికీ మా ముందుగదిలో పటం కట్టి ఉన్నది. వచ్చినవారు అడగకపోయినా చూపిస్తాను. అందులో దాచవలసినదేమీ లేదు.

మేస్త్రిది చెరకు బండ్లు తోలిన కుటుంబం. చెరకు పని తగ్గిన రోజుల్లో మిల్లుకు వచ్చి, బెల్టులు, మోటార్లు, బాయిలరు చేతి మీద నేర్చుకున్నాడు. వినయవంతుడని రాయలేను. తాను చెప్పిన హాస్యానికి తానే ముందు నవ్వేవాడు. చాయ్‌ను సాసరులో పోసుకొని పెద్ద చప్పుడుతో జుర్రేవాడు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే లారీ డ్రైవర్లతో వచ్చీరాని మరాఠీ మాట్లాడి, వాళ్ళు తన తప్పులకు నవ్వితే ఇంకాస్త మాట్లాడేవాడు. నన్ను నలుగురిలో ఉన్నప్పుడు "సారూ" అనీ, ఒంటరిగా ఉన్నప్పుడు "తమ్మీ" అనీ పిలిచేవాడు. నేను "అన్నా" అనేవాణ్ణి. ఇద్దరం ఒకే కప్పు కింద జుట్టు నెరిపించుకున్నాం.

కొన్నేళ్ళ క్రితం మా మిల్లుకు కృత్రిమ మేధతో నడిచే యంత్రం వచ్చింది. బియ్యం పలుచటి ధారగా జారుతుంటే, అద్దాల వెనుక ఉన్న కెమెరాలు ఒక్కొక్క గింజనూ చూస్తాయి. రంగు మారిన గింజ కనబడితే యంత్రం గాలి కొట్టి పక్కకు తోస్తుంది. పాత మిషన్లు కూడా ఈ పని చేసేవి. దీని ప్రత్యేకత నేర్చుకోవడం. ఇది మంచి గింజ, ఇది చెడ్డ గింజ అని చూపిస్తూ పోతే, తానే ఒక అంచనాకు వస్తుంది. పనివాళ్ళు దానికి కండ్ల మిషిని అని పేరు పెట్టారు.

మా యజమాని కుటుంబం కాలువ కింద భూమి కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడినది. ఇక్కడే పుట్టినా ఆయన మాటలో ఆ యాస పోలేదు. మిషన్ దించిన రోజున అందరినీ పిలిచి, "ఇది వచ్చింది కదా అని ఎవరూ కంగారు పడకండి. ఈ గదికి మాత్రం ఒక ఇన్‌ఛార్జి ఉండాలి. ఎవరన్నది దసరా వెళ్ళాక చెప్తాను" అన్నాడు. మిషన్ తెర ముందు ఒక కుర్చీ వేశారు. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ, నల్లటి మెత్త. మిల్లులో పట్టా ఉన్నది నా ఒక్కడికే. ఆ కుర్చీ నాదేనని అనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పాను.

శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. నేను ఆమె చెప్పిన ప్రతి మాటనూ శ్రద్ధగా రాసుకున్నాను. మేస్త్రి ఏమీ రాసుకోలేదు. అడిగాడు.

"అమ్మా, గిది పొద్దంత సూస్తనే ఉంటది గదా, దీనికి కండ్లు నొయ్యవా?"

అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. మిషన్ లోపలి దీపాల వెలుగు రోజురోజుకూ తగ్గుతుందనీ, అప్పుడు చూపు తప్పుతుందనీ చెప్పి, "మంచి ప్రశ్న అడిగారు బాబాయ్" అన్నది. బాబాయ్! నన్ను ఆ శిక్షణ ముగిసేదాకా ఆమె "సర్" అనే పిలిచింది. బయటకు వచ్చాక మేస్త్రి నా భుజం మీద చెయ్యి వేసి, "తెల్వదు అంటే నోరు నొయ్యదు తమ్మీ" అన్నాడు. నాకు ఆ చెయ్యి బరువుగా తోచింది.

దసరా వచ్చింది. ఆయుధపూజనాడు మిల్లులోని ప్రతి యంత్రాన్నీ కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టడం మా ఆచారం. కాటాకూ, బాయిలరుకూ, ఆఖరికి లారీ స్టీరింగుకూ బొట్టు ఉంటుంది. ఆ పని మేస్త్రిదే. ఆ రోజున ఆయన కొత్త మిషన్ ముందు నిలబడి, "గిది కొత్త కోడలు. దీనికి జర ఎక్కువనే పెట్టాలె" అంటూ మూత తీసి, వరుసగా ఉన్న కెమెరా అద్దాలన్నింటికీ చిక్కటి పసుపు పూసి, నడుమ కుంకుమ దిద్దాడు. కొబ్బరికాయ కొట్టాడు. అందరం దండం పెట్టాం.

పండుగ సెలవు తర్వాత పొద్దున్నే మిషన్ వేస్తే, అది మంచి బియ్యాన్ని కుప్పలుగా బయటకు తోసింది. మేస్త్రి కంగారుపడి దానికి పాఠం మొదలుపెట్టాడు. పిడికిళ్ళతో మంచి గింజలు పోస్తూ, "గిది మంచిదే బిడ్డా, గిది గూడ మంచిదే" అని ఒకటే నేర్పుడు. మధ్యాహ్నానికి అది నిజంగానే నేర్చుకున్నది. ఎంతగా అంటే, ఇక దేన్నీ తోయడం మానేసింది. పచ్చబడిన గింజ, నల్లమచ్చ గింజ, అన్నీ మంచివాటిలోనే కలిసిపోయాయి. బయట లారీ నిలబడి ఉన్నది. యజమాని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

అప్పుడు నేను మూత తీసి, నా తెల్ల రుమాలుతో ఒక అద్దాన్ని తుడిచాను. రుమాలు పచ్చబడింది. దాన్ని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకొని, "యంత్రం బియ్యాన్ని చూడటం లేదు. పసుపును చూస్తోంది. దానికి మనం నేర్పినదంతా పసుపు గుండా నేర్పినదే" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను అంత చక్కగా మాట్లాడిన రోజు మరొకటి లేదు.

మేస్త్రి ముందుకు వచ్చి ఆ రుమాలు అందుకున్నాడు. వాసన చూశాడు. ఆ తర్వాత నవ్వు మొదలైంది.

"అరే, గీ పసుపు నాదే! పెట్టింది నేనే, గలత్ సదువు చెప్పింది నేనే. దాని కండ్లల్ల పసుపు గొట్టి, పొద్దటి సంది సూడవేం, సూడవేం అని దాన్నే తిడ్తున్న!"

"కోడలని చెప్పి పెండ్లిపిల్లను చేసినవ్ గదనే అన్నా!" అన్నది గంగవ్వ. ఆడవాళ్ళు కడుపులు పట్టుకొని నవ్వారు. యజమాని కూడా నవ్వు ఆపుకోలేక, "బాగుందండీ మేస్త్రిగారూ, భలే దసరా చేశారు!" అన్నాడు. సరుకు లేకుండా లారీ వెనక్కి పోతున్నా ఆయన నవ్వాడు.

ఆ నవ్వుల మధ్యనే ఏరేవాళ్ళలో ఒకామె, "అన్నా, మంచి బియ్యం బయట పడ్తున్నయని నేను పొద్దుగాలనే సూసిన. చెప్తే నన్నే అంటరేమోనని ఊకున్న" అన్నది. ఇంకొకామె, "నేను గూడ" అన్నది. ఆ తర్వాత అందరూ అక్కడే బాసింపట్టు వేసుకొని కూర్చొని, మంచి గింజలూ చెడ్డ గింజలూ విడివిడిగా ఏరి ఇచ్చారు. మేస్త్రి అద్దాలన్నీ తుడిపించి, పాత పాఠం చెరిపించి, ఆ గింజలతో మళ్ళీ మొదటి నుంచి నేర్పాడు. నా రుమాలు ఎక్కడ పడిపోయిందో తెలియదు.

కుర్చీ మేస్త్రికి ఇచ్చారు.

నేను యజమాని గదికి వెళ్ళి, నిలబడే అడిగాను. ఆయన కూర్చోమన్నాడు. "తప్పు పట్టుకుంది మీరే, నేను కాదనను. కానీ గింజ తేడా పడితే ముందు కనపడేది చివరన కూర్చునే ఆడవాళ్ళకి. వాళ్ళు వచ్చి చెప్తేనే కదా మనం మిషన్‌కి చెప్పేది? మీ దగ్గరికి వస్తారా వాళ్ళు?"

"వస్తారు" అన్నాను.

నేరుగా వెళ్ళి గంగవ్వను, "ఏమ్మా, బియ్యంలో ఏమైనా తేడా కనబడుతోందా?" అని అడిగాను. ఆమె లేచి నిలబడి, కొంగు సర్దుకొని, "అంత మంచిగనే ఉన్నది సారూ" అన్నది. నేను ఇంకా కాటా దగ్గరికి చేరనే లేదు, ఆమె గుప్పిట మూసుకొని మిషన్ గదికి పోవడం కనబడింది. చెప్పులు విప్పి, గుమ్మంలోనే గుప్పిట తెరిచి, "అన్నా, గిది సూడు" అన్నది. ఆ మాట నాకు అక్కడికి వినబడింది.

అప్పటి నుంచి రోజూ ఆ గుప్పిట తెరుచుకోవడం చూస్తూ వచ్చాను. పత్రికల్లో కృత్రిమ మేధ గురించి వచ్చేవన్నీ చదువుతాను. కొత్త నైపుణ్యాలు నేర్చుకోవాలని, వ్యాపారాలు మారాలని, కార్మికులు సిద్ధపడాలని రాస్తారు. అవన్నీ నిజమే. నేను సిద్ధపడ్డాను కూడా. అయితే యంత్రం పొరబడిందనే కబురు కింది నుంచి పైకి భయం లేకుండా రావాలంటే, పైన కూర్చున్నవాడు ముందుగా తన పొరపాటును నలుగురిలో చెప్పుకొని నవ్వి ఉండాలని నేను ఎక్కడా చదవలేదు. చదివి ఉంటే, నేర్చుకోవడానికి ప్రయత్నించి ఉండేవాణ్ణి. అది ఆయనకు పుట్టుకతో వచ్చింది. నేను గోడకు ఆనుకొని నిలబడి సంపాదించిన దానికంటే, ఊరికే వచ్చిన దానికి విలువ ఎక్కువ కట్టారు. ఆ కష్టం నాకు ఇప్పటికీ ఉన్నది.

మిషన్ వచ్చాక ఏరే ఆడవాళ్ళను తగ్గిస్తారని అనుకున్నాం. మేస్త్రి యజమానితో, "మిషిని ఇసిరేసినదాంట్ల గూడ మంచిది ఉంటది సేటూ. సూసేటోళ్ళు ఉండాలె" అని వాదించి వాళ్ళను నిలబెట్టాడు. చుట్టుపక్కల మిల్లులవాళ్ళు వచ్చి అడిగితే, "కొత్త కోడలికి మనింట్ల ఉప్పు డబ్బ ఏడుంటదో మనమే చెప్పాలె. చెప్పకుంట కూర ఉప్పగున్నదంటే ఎట్ల?" అనేవాడు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వస్తే నన్ను పిలిచి చదివించుకునేవాడు. వచ్చిన వాళ్ళకు, "మా సారు లేకుంటే నేను గుడ్డోన్ని" అని చెప్పేవాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని నేను ఆయన ముఖం వెతికేవాణ్ణి. ఎగతాళి దొరికితే బాగుండుననిపించేది.

ఆ దసరా పసుపు ఒక అద్దం చట్రం మూలలో రబ్బరుకు పట్టుకొని పోలేదు. గీకబోతే ఆయన వద్దన్నాడు. "ఉండనీ తమ్మీ. అది లెక్కలకు పట్టుకోకు అని దానికి చెప్పిన. ఇంటది." నిజంగానే మిషన్ ఆ మచ్చను పట్టించుకోవడం మానేసింది. తెర మీద, ఎడమ అంచున, చిన్న పచ్చటి మరకలా ఇప్పటికీ కనబడుతుంది.

కోటగిరికి మిల్లు మొత్తం కదిలింది. పక్క మిల్లులవాళ్ళు వచ్చారు. ఇంజనీరమ్మ హైదరాబాదు నుంచి వచ్చి, గోడ పక్కన నిలబడి ఏడ్చింది. మరాఠీ మాట్లాడే డ్రైవరు ఒకాయన లారీని ఊరి బయట ఆపి నడిచి వచ్చాడు. నా వెనుక ఇంతమంది నడవరు అనుకుంటూ నేనూ పాడె వెంట నడిచాను. తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రి భార్య నన్ను గుర్తుపట్టి, "సారువు నువ్వేనా? ఇంట్ల ఎప్పుడు నీ ముచ్చటనే. పసుపు సంగతి పట్టింది మా సారే, నాకు కండ్లుండి ఏం ఫాయిదా అంటుండె" అన్నది. తాను ఓడిన కథను, నన్ను గెలిపించి, ఇన్నేళ్ళూ తన ఇంట్లో చెప్పుకున్నాడు. నేను మా ఇంట్లో ఆయన ప్రస్తావన తెచ్చిన రోజు లేదు. ఆ మంచితనాన్ని చూసి కూడా నాకు ఈర్ష్య కలిగింది. దాని వెనుకనే, ఆలస్యంగా, కళ్ళు తడిశాయి.

కర్మకాండలు ముగిశాక యజమాని నన్ను పిలిచి కుర్చీ అప్పగించాడు. మెత్త మీద ఆయన కూర్చున్న గుంట ఉన్నది. అందులో నేను ఒదగలేదు. కాస్త పక్కకు జరిగి కూర్చుంటున్నాను.

నిన్న పొద్దున ధార పడుతుండగా గంగవ్వ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి, అలవాటుగా చెయ్యి చాపి, గుప్పిట తెరుస్తూ, "అన్నా, గిది..." అన్నది. తలెత్తి నన్ను చూసింది. వేళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి.

"ఏం లేదు సారూ. మంచిగనే ఉన్నది."

నేను కుర్చీలోంచి లేచాను. ఏమనాలో ఆలోచించి పెట్టుకున్న వాక్యాలేవీ రాలేదు. "నాకు తెల్వదు అక్కా" అన్నాను.

ఆమె కదలలేదు. నేనూ కదలలేదు. గుప్పిట తెరుచుకోనూ లేదు, పూర్తిగా మూసుకోనూ లేదు. వేళ్ళ సందుల్లోంచి పచ్చబడిన గింజలు ఒకటీ ఒకటీ జారి, మేస్త్రి చెప్పులు విడిచే చోట, గుమ్మం మీద పడుతున్నాయి.