నల్ల బ్యాడ్జీకి పరామర్శ

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో నేను జనగామ దవాఖానలో నర్సుని. నిరసనగా నల్ల బ్యాడ్జీ పెట్టుకుని డ్యూటీ చేయడం మాకు బొట్టు పెట్టుకున్నంత అలవాటు. ఆ అలవాటుతోనే గల్ఫ్‌లో ఉద్యోగానికి వెళ్లాను. తోడుగా మహబూబాబాద్ దగ్గరి తండా పిల్ల కమల.

అక్కడి ఆసుపత్రిలో కొత్త నర్సులకు అండగా ఉండే కమిటీ ఒకటుంది. ఆ సభ్యుల నవ్వు మొహాలను గోడమీది ఫొటోలో చూడటమే తప్ప మనుషులు ఎన్నడూ కనబడలేదు. సెలైన్ ఎక్కించే కొత్త మిషన్ నడపడం నేర్పించండని మూడు అర్జీలు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు.

"గిట్లయితే కాదక్కా, నల్ల బ్యాడ్జీలు పెట్టుకుందాం" అంది కమల.

"సమ్మె అనుకుని ఇంటికి తోలుతరే!" అని భయపడుతూనే నేనూ పెట్టుకున్నాను.

గంటలో కమిటీ అంతా దిగింది. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. తీరా చూస్తే వాళ్ల చేతుల్లో ఖర్జూరాల పెట్టె, కాఫీ ఫ్లాస్కు! నల్ల గుడ్డ చూసి సంతాపం అనుకున్నారట. పెద్ద మేడమ్ నన్ను కావలించుకుని, "ఎవరు పోయారమ్మా?" అని ఇంగ్లిషులో అడిగింది.

నాకంటే ముందు కమలే జవాబిచ్చింది.

"ఇంకా ఎవరూ పోలేదు మేడమ్. మాకు మిషన్ నేర్పకపోతే పోతారు."

ఆ సాయంత్రమే నేర్పించారు. మూడు అర్జీలకు కదలని కమిటీ చావు కబురుకు మాత్రం టంచనుగా వచ్చింది. అందుకే గల్ఫ్ వెళ్లే పిల్లలకు ఇప్పటికీ చెప్తుంటాను, పెట్టెలో మామిడి తొక్కు పక్కన మూరెడు నల్ల రిబ్బన్ కూడా పెట్టుకోమని.