నీళ్ల మాత్ర మానేసిన క్రేన్ ఆపరేటరు

పనిలో అందరూ అతన్ని ‘ఆకాశం మావయ్య’ అనేవారు. ఎత్తైన క్రేన్ కొసన, ఇద్దరు పట్టని గదిలో కూర్చుని ఇనుప చువ్వలు పైకెత్తడం అతని పని. పొద్దున నిచ్చెనెక్కితే మళ్లీ భోజనానికే దిగేది.

బీపీ ముదిరి గుండె బలహీనపడిందని డాక్టరమ్మ మూడు రకాల మాత్రలు రాసింది. నీళ్ల మాత్రతో వచ్చింది చిక్కు. అది వేసుకుంటే ఊరికే ఒంటేలు వచ్చేది. పైన ఎక్కడికి వెళతాడు? దాన్ని మానేశాడు. నీరసంగా ఉంటోందని గుండె వేగం తగ్గించే మాత్రకూ నీళ్లొదిలాడు. నడుం పట్టేస్తే మాత్రం షాపులో నొప్పి బిళ్లలు కొని మింగేవాడు.

“ఏమండీ, పాదాలు చూసుకున్నారా? బూరెల్లా ఉబ్బాయి” అంది భార్య.

“రోజంతా కూర్చుంటే వాచవా మరి?” అన్నాడు విసుగ్గా. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదని చెప్పలేదు.

ఒకరోజు నిచ్చెన సగంలో గుండె దడదడలాడింది. కళ్లు బైర్లు కమ్మాయి. మధ్యలో ఉన్న పలక మీద కూలబడి కమ్మీని కావలించుకున్నాడు. మేస్త్రీలు నడుముకు తాడు కట్టి దించారు.

“నిజం చెప్పండి, మందులు వేసుకుంటున్నారా?” అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ.

పక్కనే ఉన్న భార్య మొహం చూడలేక నేల చూపులు చూస్తూ అంతా చెప్పేశాడు.

“నీళ్ల మాత్ర ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ బయటికి పంపుతుంది. మానేస్తే ఆ నీరు కాళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. గుండె మాత్ర ఉన్నట్టుండి ఆపితే, కళ్లెం వదిలిన గుర్రమే. నొప్పి బిళ్లలు బీపీ పెంచుతాయి, కిడ్నీలకూ చేటు.”

“వేసుకుంటే పనెలా చేయనమ్మా?”

“అడిగుంటే వేళ మార్చేదాన్ని కదా! ఇకనుంచి నీళ్ల మాత్ర పనయ్యాక వేసుకోండి. కానీ ఎత్తులు వద్దు. మూడో మాత్ర రక్తనాళాల బిగువు సడలిస్తుంది. గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి.”

అతను తలూపాడు. వాదించే ఓపిక కూడా లేదు.

కొన్ని వారాలకు వాపు తీసింది, ఊపిరి కుదుటపడింది. అప్పుడప్పుడూ రక్తపరీక్షలకు వెళ్లాల్సి వచ్చేది. కంపెనీ అతన్ని కింద సైగలిచ్చే పనిలో పెట్టింది. మధ్యాహ్నానికే ఒళ్లు బరువెక్కేది. పైనుంచి కొత్త ఆపరేటరు వైర్‌లెస్‌లో “మావయ్యా, ఎడమకా?” అంటే, “ఎడమకే, నెమ్మదిగా” అని సిమెంటు బస్తా మీద చతికిలబడేవాడు.

“పైన బాగుండేదా, కింద బాగుందా?” అని ఓ సాయంత్రం భార్య అడిగింది.

“పైన గాలొచ్చేది” అని, మాత్ర మింగి, చొక్కా అయినా మార్చకుండా నడుం వాల్చాడు.