చెవిలో చెప్పిన పాఠాలు

చిన్నటీచరు పేరుకే చిన్న. యాభై దాటి చాలా ఏళ్ళయింది. ఒకటో తరగతికి తప్ప మరో తరగతికి పాఠం చెప్పి ఎరగదు కాబట్టి ఆ పేరు వచ్చింది, మనిషి ఎత్తు కూడా అందుకు తగ్గట్టే ఉండటంతో అతుక్కుపోయింది. పై తరగతులు ఇస్తామని వచ్చిన హెడ్మాస్టరల్లా అడిగాడు. "పెద్దపిల్లలు నాకు భయపడరండీ, నేనే వాళ్ళకి భయపడతాను" అని నవ్వేసి తప్పించుకునేది. అసలు సంగతి అది కాదు. తల్లి చెయ్యి వదల్లేక గుమ్మంలో గుక్కపట్టి ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టడంలో ఆవిడకో గర్వం ఉంది. వారం తిరక్కుండా ఆ పిల్లే ఇంటికి వెళ్ళనని మారాం చేస్తే ఆవిడకి కడుపు నిండిపోయేది. తన గదిలో ఏ పిల్లా ఏడవకూడదన్నది ఆవిడ పెట్టుకున్న ఒకే ఒక్క నియమం. మంచి నియమమే. కొంప ముంచింది కూడా అదే.

ఆ ఏడు బడికి ట్యాబులు వచ్చాయి. అట్టపెట్టెలు విప్పుతుంటే పిల్లలకంటే ముందు టీచర్లే చుట్టూ మూగారు. కంపెనీ మనిషి వచ్చి ఒక పూట శిక్షణ ఇచ్చాడు. తెర మీద మాట కనిపిస్తుంది, పిల్ల దాన్ని పైకి చదువుతుంది, యంత్రం వింటుంది. సరిగ్గా చదివితే తెర మీది ఏనుగు తొండమెత్తి నీళ్ళు చిమ్ముతుంది. తప్పు చదివితే ఆ ఏనుగే కూలబడి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. "టీచరు చెయ్యాల్సిందేమీ లేదండీ, పక్కన ఉంటే చాలు" అన్నాడతను. ఆ మాటకి చిన్నటీచరుకి చురుక్కుమంది. ఇన్నేళ్ళ సర్వీసూ పక్కన ఉండటానికేనా?

యంత్రాన్ని తిట్టిపొయ్యడం తేలిక. న్యాయం మాట్లాడాలంటే, అది మంచే చేసింది. ఎన్నడూ నోరు విప్పని పిల్లలు ఏనుగు కోసం గొంతెత్తి చదివారు. ట్యాబుల పీరియడు వచ్చిందంటే గదంతా నీళ్ళు చిమ్మే చప్పుడే. చిన్నటీచరు కూడా లోపల్లోపల మురిసిపోయింది.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. బక్కపల్చగా ఉండి క్షణం నోరు ముయ్యదు కాబట్టి అందరూ పిచ్చుక అనేవారు. తల్లి రెడీమేడ్ చొక్కాల షాపు వెనక గదిలో కాజాలు కుట్టేది. తండ్రి ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. కథ ఒక్కసారి వింటే చాలు, రెండోసారి చెప్పేటప్పుడు టీచరు మర్చిపోయిన ముక్క పిచ్చుకే అందించేది. అంత నోరూ అక్షరం దగ్గరికొచ్చేసరికి మూతపడేది. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ ముక్కూ మొహం తెలియనట్టు ఉండేది.

అలాంటి పిల్లల కోసమే బడిలో ఇంకో టీచరు ఉండేది. సాయం టీచరు అనేవారు. వెనకబడ్డ నలుగురైదుగురిని మెట్ల కింద గదిలో కూర్చోబెట్టుకుని, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేలు పెట్టించి, ఒక్కొక్కరికీ విడివిడిగా దిద్దించేది. నత్తనడకే, కానీ నడకే. ఆమె దగ్గర పిచ్చుక అక్షరాల్లో సగం దాకా వచ్చింది.

ఇంతలో ట్యాబు ముందు పిచ్చుక వంతు వచ్చింది. తెర మీద ఒక చిన్న మాట. పిచ్చుక దాన్ని చూసింది, అటూ ఇటూ చూసింది, నోటికొచ్చిందేదో అంది. ఏనుగు కూలబడింది. ఇంకోటి అంది. మళ్ళీ కూలబడింది. పక్క బెంచీవాడు "ఏనుగుని ఏడిపించింది, ఏనుగుని ఏడిపించింది" అని అందుకున్నాడు, గదంతా వంత పాడింది. పిచ్చుక కింది పెదవి వణికింది. ఆ వణుకు చూస్తే చిన్నటీచరుకి కాలూ చెయ్యీ ఆడదు. గబగబా వెళ్ళి పిల్ల వెనక చతికిలబడి, వీపు మీద చెయ్యి వేసి, చెవిలో ఆ మాట చెప్పేసింది.

పిచ్చుక గట్టిగా అనేసింది. ఏనుగు లేచి గదంతా తడిపేసేలా నీళ్ళు చిమ్మింది. ఆ పిల్ల మొహం చూసి ఉంటే మీరైనా మర్నాడు అదే పని చేసి ఉండేవాళ్ళు. అందుకే ఆవిడని తిట్టడానికి నోరు రాదు. తప్పు మాత్రం తప్పే.

మర్నాడూ చెప్పింది. ఆ మర్నాడూ చెప్పింది. యంత్రానికి గుసగుస వినబడదు, పిచ్చుక గొంతు మాత్రం ఖంగుమని వినబడుతుంది. మొదట్లో మాటకి మాట చెప్పాల్సి వచ్చేది. పోనుపోను వాక్యం మొత్తం ఒకేసారి చెప్పినా పిల్ల పొల్లుపోకుండా అప్పజెప్పేది. యంత్రం శభాష్ అని మాటల్లోంచి వాక్యాల్లోకి, వాక్యాల్లోంచి కథల్లోకి ఎక్కించేసింది. చూసిన మిగతా పిల్లలు ఊరుకుంటారా? "నాకూ చెప్పండి టీచర్" అని కొంగు పట్టుకున్నారు. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే పక్షపాతం కాదూ? మెట్ల కింద గది పిల్లలందరికీ చెప్పింది. కాస్త ధైర్యం రానిచ్చి రేపట్నుంచి మానేద్దామని రోజూ అనుకునేది. రేపు వచ్చాక మళ్ళీ రేపు అనుకునేది.

ఎవరెంత చదివారో యంత్రమే ఎప్పటికప్పుడు పై ఆఫీసుకి పంపించేది. అక్కడ ఎవరో చూసి ముక్కున వేలేసుకున్నారు. బడికి పెద్ద పేరు వచ్చింది. హెడ్మాస్టరు పొద్దున పిల్లలందరి ముందూ చిన్నటీచరుని నిలబెట్టి ఆకాశానికెత్తేశాడు. నాలుగు మాటలు చెప్పమంటే ఆవిడ నీళ్ళు నమిలి కూర్చుంది, అందరూ అది వినయం అనుకున్నారు. ఆ వెనకే ఒక ఉత్తర్వు దిగింది. ఈ బడిలో చదవలేని పిల్లలంటూ ఎవరూ లేరు కాబట్టి సాయం టీచరు వేరే బడికి వెళ్ళాలి.

గరుకు కాగితం అక్షరాలు ఆమె సొంతంగా చేసుకున్నవి. వాటిని సంచిలో సర్దుకుంటూ అడిగింది.

"మేడం, ఏమీ అనుకోకండి. పిచ్చుక కథలు చదివేస్తోందని ట్యాబులో వచ్చింది. నా దగ్గరేమో ఇంకా అక్షరాలు తడుముకుంటోంది. ఎలా అంటారు?"

"ఏనుగు ముందు హుషారుగా ఉంటుందమ్మా."

"అంతేనంటారా?"

"అంతే."

ఆ ఒక్క మాట దగ్గర ఆవిడ నిజం చెప్పి ఉంటే నాలుగు చివాట్లతో పోయేది. చెప్పలేదు. నలుగురూ పొగిడిన మర్నాడే పరువు పోతుందని భయపడింది. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

సాయం టీచరు వెళ్ళిపోయింది, మెట్ల కింద గదికి తాళం పడింది. చిన్నటీచరుకి అప్పుడు నిద్ర పట్టడం మానేసింది. ఉండబట్టలేక ఓ రోజు హెడ్మాస్టరు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన ముందు లేచి తలుపు వేశాడు.

"ఎవరితోనైనా అన్నారా?"

"లేదండీ."

"అనకండి."

"సాయం టీచరుని వెనక్కి పిలిపించండి సార్. ఆ పిల్లలు అన్యాయమైపోతారు."

"ఏమని పిలిపించమంటారు? మా పిల్లలకి చదవడం రాదు, మేమే చెవుల్లో ఊదామని రాయనా? ఈ పేరు చూసేకదమ్మా కారుతున్న పైకప్పు బాగుచేస్తామన్నారు! చిన్నపిల్లలు, పై తరగతికి వెళ్తే వాళ్ళే అందుకుంటారు లెండి."

ఆయన చెడ్డవాడేం కాదు. వానొస్తే పుస్తకాల బీరువా మీద గొడుగు పట్టే మనిషి. ఆయన బాధ ఆయనది.

పోనీ ట్యాబులోనైనా పిచ్చుకని మళ్ళీ అక్షరాల దగ్గరికి తీసుకెళ్దామని ఆవిడ దానితో కుస్తీ పట్టింది. ఎక్కడ నొక్కినా కథలే వస్తున్నాయి. తలప్రాణం తోకకొచ్చి కంపెనీ మనిషికి ఫోను చేసింది.

"వెనక్కి రాదండీ" అన్నాడతను.

"రాదంటే?"

"పాఠం అయిపోతే మూసుకుపోతుంది. పిల్లలు పైకే వెళ్తారు కదండీ, కిందికెందుకు వస్తారు?"

"పొరపాటున పైకి వెళ్ళిపోతేనో?"

"పొరపాటు ఎలా అవుతుందండీ, యంత్రం వింటుంది కదా!"

ఇక యంత్రంతో పని కాదని తేలిపోయింది. బడి వదిలాక పిచ్చుకని ఆపి పక్కన కూర్చోబెట్టుకుని, బల్ల మీద సుద్దతో మొదటి అక్షరం రాసింది.

పిచ్చుక మొహం ముడుచుకుంది. "ఇవి చంటిపిల్లలవి టీచర్. నాకు చదవడం వచ్చుగా!"

"వచ్చు తల్లీ. సరే, ఇది చదువు చూద్దాం." బొమ్మల కథల పుస్తకం తెరిచి ముందు పెట్టింది.

పిచ్చుక బుద్ధిగా సర్దుకుని కూర్చుంది. వరస కింద వేలు పెట్టింది. అలాగే కూర్చుంది.

"చదువమ్మా."

"మీరు చెప్పండి మరి."

"నేను చెప్పకుండా చదవాలి."

పిల్ల అదేదో వేళాకోళం అనుకుని కిలకిలా నవ్వింది. "చెప్పకుండా ఎలా చదువుతారు?" అని, కాసేపు ఆలోచించి, చాలాకాలంగా అడగాలనుకుంటున్న దానిలా అడిగింది. "టీచర్, మీరు మాకు కథ చదువుతారే, అప్పుడు మీ చెవిలో ఎవరు చెప్తారు?"

చిన్నటీచరు గుండెల్లో రాయి పడింది. కనిపించని వాళ్ళెవరో అందరి చెవుల్లోనూ చెబుతారు, విన్నది గట్టిగా అనడమే చదవడం. ఆరేళ్ళ పిల్ల అర్థం చేసుకున్న చదువు ఇదీ. నేర్పిందెవరు? ఆవిడే. అది కాదమ్మా, ఈ గీతల్లోనే మాట ఉంటుంది, మనమే దాన్ని పట్టుకోవాలి అని మెల్లగా చెప్పబోయింది. పిచ్చుక ఆవిడ మొహంలోకి చూసింది.

"అంటే నాకు రాదా?"

పెదవి వణకడం మొదలైంది.

"వచ్చు, వచ్చు. నీకు రాకపోవడమేంటి!" అని చిన్నటీచరు వంగి ఆ వరస చెవిలో చెప్పేసింది. పిచ్చుక గడగడా చదివేసింది.

ఆ రోజు ఇంట్లో ఆవిడకి ముద్ద దిగలేదు. ఆవిడ భర్త రిటైరైన బస్సు కండక్టరు, ఎంత పెద్ద సంగతైనా బస్సులోకి ఎక్కించనిదే మాట్లాడలేడు. అంతా విని కంచం పక్కకి జరిపాడు.

"టికెట్ లేకుండా ఎక్కించావు, బాగానే ఉంది. చెకింగువాళ్ళు ఎక్కిన రోజున దిగాల్సింది నువ్వు కాదే, ఆ పిల్ల."

"ఆ మాట నాకు తెలీదనా?"

"తెలిస్తే వాళ్ళమ్మతో చెప్పు. సెలవుల్లో పిల్లని మనింటికి పంపమను. ఆ ఏనుగూ గీనుగూ లేకుండా మొదట్నుంచీ నేర్పు."

ఆ మాటతో ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. సెలవులు ఎంతో దూరం లేవు. ఎండాకాలమంతా కూర్చోబెడితే పిచ్చుకలాంటి పిల్లకి రాకపోవడమేమిటి? గరుకు కాగితం కొని అక్షరాలు కత్తిరించింది కూడా. వాళ్ళమ్మ తిడితే పడదాం, కొడితే కొట్టించుకుందాం అనుకుని, గంపెడాశతో చొక్కాల షాపుకి బయల్దేరింది.

షాపు వెనక గదిలో గుండీలు లేని చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి. ఒక్క ట్యూబులైటు కింద పిచ్చుక తల్లి ఒళ్ళో చొక్కా పెట్టుకుని కాజాలు కుడుతోంది. టీచరుని చూసి కంగారుగా లేచి స్టూలు తుడిచి వేసింది. చిన్నటీచరు కూర్చోకుండానే మొదలుపెట్టింది. ఏనుగు సంగతి, చెవిలో చెప్పిన సంగతి, సాయం టీచరు వెళ్ళిపోవడం, ఏదీ దాచలేదు. తల్లి మళ్ళీ కూర్చుని, వింటూనే కుట్టసాగింది.

"తెలుసండీ" అంది చివరికి.

"తెలుసా?"

"చదివే పిల్ల కళ్ళు కాగితం మీద ఉంటాయి కదండీ. దాని కళ్ళు మన మొహం మీద ఉంటాయి. నావీ అంతే." సిగ్గుపడినట్టు నవ్వింది. "నాలుగు తరగతులు అలాగే దాటేశాను. అయిదులో కొత్త మాస్టారు లేపి చదవమన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. మర్నాటి నుంచి మళ్ళీ బడి గుమ్మం తొక్కలేదు."

"అందుకేనమ్మా వచ్చాను. సెలవుల్లో నా దగ్గరికి పంపు. మొదట్నుంచీ నేర్పుతాను, నా మాట నమ్ము."

"ముందు దానికి రాదని చెప్పాలి కదండీ?"

చిన్నటీచరు చొక్కాల గుట్టకేసి చూసింది.

"చెప్పగలరా?"

చెప్పలేనన్న సంగతి సుద్దముక్క పట్టుకున్న రోజే ఆవిడకి తెలిసిపోయింది. ఆశ అంతా అక్కడే జారిపోయింది, స్టూలు మీద కూలబడింది.

"వద్దులెండి" అంది తల్లి. "రాదని తెలిసిన రోజున అది బడికి వెళ్ళదు. నా కూతురు, నాకు తెలీదా? ఇప్పుడు ఎగురుకుంటూ వెళ్తోంది. ఎన్నాళ్ళు వెళ్తే అన్నాళ్ళు వెళ్ళనీండి. ఆ తర్వాత ఇక్కడ పని ఎలాగూ ఉంటుంది."

"అలా అనకు తల్లీ..."

"మీరు బాధపడకండి టీచరుగారూ. మీ మీద నాకేం కోపం లేదు. నాకూ చిన్నప్పుడు ఒక టీచరు ఉండేది. ఎంత మంచిదనుకున్నారు! ఒక్కనాడు నలుగురిలో నన్ను చిన్నబుచ్చలేదు. ఎక్కడుందో గానీ ఇప్పటికీ తల్చుకుంటాను. అచ్చం మీలాగే ఉండేది."

అని, చొక్కాని రెండోవైపు తిప్పుకుని, ఇంకో కాజా మొదలుపెట్టింది.