పెదనాన్న సగం మొహం

బొమ్మ గీసి నవ్వులపాలైనవాళ్లు చాలామంది ఉంటారు. ఒక్క బొమ్మతో శుభకార్యం జరుగుతున్న ఇంటికి ఏడుపులు తెప్పించిన ఘనత మాత్రం నాదే. నమ్మకపోతే ఇల్లందులో మా పెదనాన్న ఉండే వాడకట్టులో ఎవరినైనా అడగండి. నా పేరు మాత్రం చెప్పకండి, మంచినీళ్లు కూడా ఇవ్వరు.

అప్పుడు నేను హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ మొదటి సంవత్సరం ముగించి, ఖమ్మం ఖానాపురం హవేలిలోని మా ఇంటికి వచ్చాను. గీత, ఆకారం, రంగు, వెలుగునీడలు నేర్చేసుకున్నాను. టెక్స్చర్ కూడా. అంటే బొమ్మను చూడగానే గరుకో నునుపో తెలిసిపోవాలన్నమాట. ఇక లోకంలో నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదే అని దిగులుపడుతున్న రోజులవి.

సరిగ్గా అప్పుడే బొగ్గుబాయిలో పనిచేసే మా పెదనాన్న మల్లయ్య రిటైరయ్యాడు. "ఫంక్షన్‌కు నా బొమ్మ గీసుకరా బిడ్డా, వాకిట్ల పెడదం" అని ఫోన్ చేశాడు.

మూడడుగుల అట్ట మీద గీశాను. బాయి లోపల పక్కమనిషి దీపం వెలుగు పడ్డట్టు కుడి చెంప ధగధగా మెరుస్తోంది. ఎడమ సగం కటిక చీకటి. అంత చీకటికి కొట్లో దొరికే నల్లరంగు ఏం సరిపోతుంది చెప్పండి? అసలు బొగ్గునే దంచి, జల్లెడపట్టి, పలచటి జిగురులో కలిపి పూశాను.

"అద్దం బిగియ్యమంటవా అమ్మా?" అన్నాడు ఫ్రేములు కట్టేవాడు.

"వద్దు. అద్దమేస్తే టెక్స్చర్ సచ్చిపోతది."

ఆయన నన్ను జాలిగా చూశాడు. ఎందుకో తర్వాత తెలిసింది.

ఫంక్షన్ రోజు షామియానా కింద బంతిపూల దండతో పెదనాన్న పెళ్లికొడుకులా కూర్చున్నాడు. పక్క కుర్చీలో బొమ్మ. నేనే గుడ్డ లాగి, చప్పట్ల కోసం ఆగాను. ఒక్క చెయ్యీ లేవలేదు.

"సగం మొహం ఏదే?" అంది పక్కింటి రాజమ్మత్త, గుండె మీద చెయ్యేసుకుని.

"ఉందత్తా, నీడల ఉంది. వెలుగు ఇటుకెల్లి పడుతది గదా..."

నా పాఠం పూర్తికాకముందే పెదనాన్నతో బాయిలో పనిచేసిన కొమురయ్య లేచాడు. "మల్లన్నా, పక్షవాతం గిట్ల వచ్చిందా ఏంది? మాకు చెప్పనే లేదు!" అంటూ పెదనాన్న ఎడమ చెయ్యి పట్టుకుని ఊపి ఊపి చూడసాగాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఈలోపు ఎవరో బొమ్మను ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. అరచేతిలో పట్టే తెర మీద అది బొమ్మలా లేదు, నిజంగా కాలిన మనిషి ఫొటోలా ఉంది. నెలలు నిండి, ప్రయాణం వద్దన్నారని భద్రాచలంలోనే ఆగిపోయిన పెదనాన్న కూతురు సరితక్క దాన్ని చూసింది. వెంటనే నాకు ఫోన్, వెక్కి వెక్కి ఏడుపు.

"నాయన మొహం కాలిందా? ఏ దవాఖానల ఉన్నడే?"

"ఏం కాలే అక్కా, అది టెక్స్చర్!"

"అయ్యో దేవుడా! అదేం రోగమే?"

అక్కకు ఏదైనా అయితే! పెదనాన్న ఫోన్ లాక్కుని వీడియో కాల్ పెట్టాడు. "నేను మంచిగున్న బిడ్డా, ఇగో చూడు" అంటూ తన రెండు చెంపలూ తానే వాయించుకుని చూపించాడు. ఏడుపు ఆగింది. నాకు ఊపిరొచ్చింది.

అంతలో, వంటల దగ్గరున్న పెద్దమ్మ ఈ గోలకు బయటికొచ్చింది. బొమ్మకేసి చూసింది. కొంగు చివర నీళ్లలో ముంచి, "ఇయ్యాల గూడ మొహం కడుక్కోకుంటనే కూసున్నవా?" అంటూ తుడిచింది. ఒక్క తుడుపుకు ముక్కు పోయింది. రెండో తుడుపుకు మీసం చెవిదాకా పాకింది.

"పెద్దమ్మా! అది బొమ్మ!"

ఆమె ఉలిక్కిపడి నల్లబడ్డ కొంగునూ, పక్కనే ఉన్న అసలు మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. "ఓయమ్మా! చెయ్యి దానంతటదే పోయింది!"

అందరూ నోళ్లు తెరిచారు. పెదనాన్న లేచి, తన మెడలోని దండ తీసి పెద్దమ్మ మెడలో వేశాడు. "బొగ్గు తవ్వే పని నాది, తుడిసే పని దీనిది. ఇయ్యాల ఇద్దరం రిటైర్!"

అప్పుడు మోగాయి చప్పట్లు. నాకు కాదు లెండి.

ముక్కు లేని ఆ బొమ్మ ముందు నిలబడి ప్రమాణం చేశాను. ప్రాణముండగా ఏ బంధువునూ సగం చీకట్లో పెట్టను. రెండు చెంపలకూ సమానంగా ఎండ కొట్టాల్సిందే. పైన మందపాటి అద్దం, దానికి తాళం. తాళంచెవి మాత్రం పెద్దమ్మకు అందని చోట.