ఈశాన్యంలో పేరు లేని సర్వరు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో మా కంపెనీ నన్ను కడప శాఖకు సీనియర్ నెట్‌వర్క్ ఇంజనీరుగా వేసింది. అక్కడ నా పైన ఉన్నది ఫ్యాను ఒక్కటేనని చెప్పుకునేవాణ్ని. మేనేజరు కూడా ఉండేవాడు. ఫ్యాను కన్నా తక్కువ తిరిగేవాడు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

కడప బండలు ఎగుమతి చేసే ఓబులరెడ్డి ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. విదేశాలకు పంపే మెయిళ్లన్నీ తిరిగొస్తున్నాయి. నేను వెళ్లేసరికి, మెయిళ్లు చూసే గుమాస్తా ఎస్తేరును ఆయన నిలబెట్టి కడిగేస్తున్నాడు.

"ఏం రాస్తాండావు పాపా? రాసింది రాసినట్టే ఎనక్కొస్తాండాది! శనివారంలోగా ధరల మెయిలు పోకపోతే సోమవారం నువ్వు రావాల్సిన పన్లేదు."

"ఎప్పుడూ రాసేదే రాస్తాండా సార్," అంది ఎస్తేరు.

చూడగానే తప్పు పట్టేశానని తర్వాత చాలా పెళ్లిళ్లలో చెప్పాను. పట్టింది రెండో రోజు. మొదటి రోజంతా వైరస్ కోసం వెతికితే ఉగ్గాని, బజ్జీ దొరికాయి.

మెయిలు అందుకునే సర్వరు, పల్లెలో కొత్త మనిషిని అడిగినట్టే అడుగుతుంది: యా ఊరు, ఎవరింటోనివి? పంపిన సర్వరుకు ఐపీ అనే అంకె ఉంటుంది. ఆ అంకెను అడిగితే పేరు చెప్పే నమోదే రివర్స్ డీఎన్ఎస్. ఆ పేరును తిరిగి అడిగితే అదే అంకె రావాలి. పొంతన కుదరకపోతే పరువు పోయినట్టే. గడపలోనే వెనక్కి తిప్పుతారు.

ఓబులరెడ్డి సర్వరు అంకెను అడిగి చూశాను. పేరు లేదు. సర్వరును ఈమధ్య కదిలించారా అన్నాను.

"కదిలించకుండా ఎట్లప్పా? నైరుతిలో ఉంటే శానా నష్టమని సిద్ధాంతి చెప్పినాడు. ఎదురుగా గోడౌన్లో ఈశాన్యం మూలకు పెట్టించినా. టెంకాయ గూడా కొట్టినాం."

గోడౌనుకు వేరే ఇంటర్నెట్ లైను, దానికి వేరే అంకె. పేరు నుంచి అంకెకు పోయే నమోదును ఆయన మనుషులు మార్చుకున్నారు. అంకె నుంచి పేరుకు వచ్చేది మాత్రం లైను ఇచ్చిన కంపెనీయే రాయాలి.

"నా మిషనుకు నేను పేరు పెట్టుకోలేనా?"

ఇల్లు మీదే, డోర్ నంబరు మునిసిపాలిటీది అన్నాను.

హెడ్డాఫీసు గొంతు పెట్టి లైను కంపెనీకి ఫోన్ చేశాను. వణికిపోయి అప్పటికప్పుడే రాశారని చెప్పేవాణ్ని. నిజానికి అవతలి అమ్మాయి, "కడప నుంచేనా సార్?" అని నవ్వి, దరఖాస్తు పెట్టించుకుని మర్నాడు రాసింది.

శనివారం ఉదయం అంకెను అడిగితే పేరొచ్చింది, పేరును అడిగితే అంకె వచ్చింది. ఎస్తేరు మెయిలు పంపి తెర వైపే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, "తిరిగి రాలేదు సార్," అంది. ఆ ఆఫీసులో రాలేదన్న మాట శుభవార్త కావడం అదే మొదటిసారి.

ఆర్డరు కుదిరింది. ఈశాన్యం మహిమని ఓబులరెడ్డి సిద్ధాంతికి శాలువా కప్పాడు. సోమవారం ఎస్తేరు పనికి వచ్చింది. ఆయన ఆమెతో ఆ ఊసే ఎత్తలేదు.

నేర్చుకున్నది ఇంతే. సర్వరును కదిలిస్తే అంకె మారుతుంది. కొత్త అంకెకు పేరు అడిగి రాయించుకోవాలి. నింద మాత్రం ఎవరూ రాయించనక్కర్లేదు, అందరికన్నా కింద ఉన్నవాళ్ల పేరు దానికి ముందే తెలుసు.