చిగుళ్లు దిద్దే చెయ్యి

"పంటి చిగురుదే ఇబ్బందైతే లేజరుతో కాస్త కత్తిరిస్తే చాలట అన్నయ్యా, అరగంట పని. ఎముకదైతే మాత్రం పైదవడ కోసి పైకి జరపాలట. మత్తు, ఆసుపత్రిలో పడక, నెల్లాళ్లు గొంతులో జావ పోసుకోవడం. నాది ఏదో ఇంకా తేల్లేదు."

ఫోటో స్టూడియో వెనకగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని చెబుతోందామె. మౌస్ మీద చెయ్యి మాత్రం ఆగలేదు. తెర మీద ఎవరి కళ్లకిందో నలుపు కొద్దికొద్దిగా తగ్గిపోతోంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మచ్చలు తీస్తుంది, ఫోటో తీసేటప్పుడు కళ్లు మూసుకున్నవాళ్లకు ఇంకో ఫోటోలోంచి కన్ను తెచ్చి అతికిస్తుంది. చిరిగిన ఫోటో ఒకటి బాగుచేయించుకోవడానికి వెళ్లి, ఈమె మాటల కోసం మళ్లీ మళ్లీ వెళ్తున్నవాణ్ణి నేను.

నవ్వితే ఈమెకు పళ్లకన్నా ముందు చిగుళ్లు కనిపిస్తాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పక్కన ఎవరు నవ్వినా ఈమె ఎడమచెయ్యి నోటిదాకా వస్తుంది. ఇన్నేళ్లూ వెనకగదిలో గడిచిపోయింది. ఇప్పుడు యజమాని ముందు కౌంటర్లో కూర్చోమన్నాడు. వచ్చినవాళ్లను నవ్వుతూ పలకరించాలి.

"మరి ఆమధ్య ఇంజెక్షన్ ఏదో చేయించుకున్నావు కదా?"

"పైపెదవి ఎక్కువ లేవకుండా చేస్తారు. అది నా పెదవి కానట్టుండేది. 'ఏమే, అలిగావా?' అని మా అక్క రోజూ అడిగేది. నాలుగు నెలలకి మళ్లీ మామూలే."

పెదవి ఎంత పైకి పోతుందో చూస్తేగాని ఏ వైద్యమో చెప్పలేనని, మనసారా నవ్వుతున్న ఫోటో తెమ్మంది పళ్ల డాక్టరమ్మ.

"అక్కడే చూడొచ్చుగా?"

"ఆ కుర్చీలో పడుకోబెట్టి నవ్వమంటే నవ్వెక్కడొస్తుంది? ఇకిలించడం వస్తుంది. ఇంట్లో అక్క ఏదో చెప్పి నవ్వించి తీసింది. సైజు చేద్దామని ఇక్కడ తెరిచా. కాస్త వెలుతురు పెంచా. పట్టుకెళ్లి ఇస్తే డాక్టరమ్మ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, 'ఇందులో నీకు ఏ ఇబ్బందీ లేదే అమ్మా' అంది."

అలవాటుకొద్దీ చిగుళ్లు దిద్దేసింది. పైగా అసలు ఫోటో మీదే సేవ్ చేసింది.

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వబోయి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీసేసరికి మొహంలో నవ్వు లేదు.

"ఇంటికెళ్లి పాత ఫోటోలన్నీ తీశా. నోరు మూసుకున్నవి కొన్ని, నేను దిద్దినవి కొన్ని. నా నవ్వున్నది ఒక్కటీ లేదు. దవడ కోయించుకున్నాక ఇది నేను కాదే అనిపిస్తే? ఇక్కడైతే సేవ్ చేసేలోపు ఒక్క మీట నొక్కితే వెనక్కొస్తుంది. ఎముక వస్తుందా?"

ఆమె సొరుగులోంచి చిన్న కెమెరా తీసి నా చేతిలో పెట్టింది.

"ఆదివారం పార్కులో అక్కా నేనూ కూర్చుంటాం. అది నోరు విప్పితే నన్ను నవ్వించకుండా ఉండదు. మీరు దూరంగా ఉండి, చెప్పకుండా తియ్యండి. తిన్నగా డాక్టరమ్మకి ఇచ్చేయండి. నేను అడిగినా, బతిమాలినా సరే, అన్నయ్యా, నా చేతికి మాత్రం ఇవ్వకండి."